కారం ప్యాకెట్టు నుంచి కల్లం దాకా: మీ సరఫరా గొలుసును గీయడం, నడపడం ఎలా

చిన్న తరహా ఆహార పరిశ్రమ పెట్టాలనుకునేవారు యంత్రాల ధరల గురించి, లైసెన్సుల గురించి, ప్యాకెట్టు మీద వేయించే బొమ్మ గురించి పది మందిని అడిగి తెలుసుకుంటారు. సరుకు ఎక్కడ పుట్టి ఎన్ని చేతులు మారి తమ దాకా వస్తోందో, తమ దగ్గర నుంచి వెళ్లిన సరుకు తాలూకు డబ్బు ఎన్నాళ్లకు తిరిగి వస్తోందో కాగితం మీద పెట్టి చూసేవారు మాత్రం తక్కువ. సరఫరా గొలుసు నిర్వహణ అనేది పెద్ద కంపెనీల విద్య అన్న అభిప్రాయం అందుకు కారణం కావచ్చు. ఆ విద్యలోని ముఖ్యాంశాలన్నీ ఒక కారం మిల్లు ఖాతా పుస్తకంలోనే దొరుకుతాయి.

అందుకే ఇక్కడ గుంటూరు మిరపకాయలు కొని, కారం పట్టించి, అరకిలో ప్యాకెట్లుగా అమ్మే ఒక యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పంట ఏడాదికి ఒక్కసారి వస్తుంది, వాడకం మాత్రం ఏడాది పొడవునా ఉంటుంది. ధర ఏటా ఊగిసలాడుతుంది, సరుకు నిల్వలో పాడయ్యే ప్రమాదం ఉంటుంది, విదేశీ గిరాకీ ప్రభావం కూడా దాని మీద పడుతుంది. సరఫరా గొలుసులో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఒక్క వస్తువులోనే కనిపిస్తాయి. లెక్కల్లో వాడిన పరిమాణాలు, ఖర్చులు వివరణ కోసం అనుకున్నవి మాత్రమే. వాటి స్థానంలో మీ బిల్లుల్లోని అంకెలు వేసుకోండి.

మొదటి పని: ఒక్క వస్తువును తీసుకుని వెనక్కి నడవండి

మీరు అమ్మే వస్తువులన్నింటినీ ఒకేసారి పట్టుకోవద్దు. ఎక్కువగా అమ్ముడయ్యే ఒక్కదాన్ని తీసుకుని, కిరాణా కొట్టు అర దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి. కొట్టు, దానికి సరుకు వేసే డిస్ట్రిబ్యూటరు, మీ గోదాము, పల్వరైజరు (కారం పట్టే యంత్రం), తొడిమలు తీసే చోటు, కోల్డ్ స్టోరేజీ, మిర్చి మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారి కొట్టు, ఊళ్లో కల్లం, చివరికి చేను. ఇది ఒక పాయ. ప్యాకెట్టు కవరుది మరో పాయ: ఫిల్ము తయారీదారు, దాని మీద అచ్చు వేసే యూనిట్, అక్కడి నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. అట్టపెట్టెలది ఇంకో పాయ. యార్డులో మిరపకాయలు రాసులుగా పడి ఉన్నా, అచ్చు వేసిన కవర్లు రాక మిల్లు ఖాళీగా కూర్చోవలసి రావచ్చు. కాబట్టి ఎంత చవకదైనా సరే, అది లేకపోతే ప్యాకెట్టు గడప దాటదు అనుకున్న ప్రతి వస్తువునూ ఈ పటంలో చేర్చండి.

పటం గీశాక ప్రతి మజిలీ దగ్గర నాలుగు సంగతులు రాయండి. సరుకు అక్కడ ఎన్ని రోజులు ఆగుతోంది? ఆగినంత కాలం అది ఎవరి సొత్తు? దాని మీద ఎవరి డబ్బు ఇరుక్కుని ఉంది? అక్కడ ఎంత సరుకు ఉందో మీకు ఎలా తెలుస్తుంది? మిరపకాయ చేను నుంచి కొట్టు దాకా బండ్ల మీద, లారీల మీద గడిపే కాలమంతా కలిపినా కొద్ది రోజులే. ఎక్కడో ఒక చోట కదలకుండా పడి ఉండే కాలం మాత్రం పది నెలలు కూడా కావచ్చు. ఖర్చు పెరిగేదీ, సరుకు చెడేదీ, లాభం మిగిలేదీ ఈ ఆగే చోట్లలోనే. సరఫరా గొలుసును నడపడమంటే సరుకు ఎక్కడ ఆగాలో, ఎంత ఆగాలో, ఎవరి డబ్బుతో ఆగాలో ముందుగా నిర్ణయించుకోవడమే. ఆ నిర్ణయం మీరు తీసుకోకపోయినా సరుకు ఎక్కడో ఆగుతుంది. అయితే అది మీకు నష్టమైన చోటు అవుతుంది.

రెండో పని: సరుకు స్వభావాన్ని అది పుట్టే చోట చదవండి

గుంటూరు ప్రాంతంలో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నాటిన మిరప జనవరి నుంచి కోతకు వస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు సరుకు ఉధృతంగా చేరుతుంది, సాధారణంగా మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఆ తరువాత మళ్లీ కొత్త పంట వచ్చేదాకా మార్కెట్‌లో తిరిగేది ప్రధానంగా కోల్డ్ స్టోరేజీల నుంచి తీసిన సరుకే, వ్యాపారుల మాటల్లో చెప్పాలంటే ఏసీ సరుకు. ఈ క్యాలెండరు తెలియకుండా కొనుగోలు ప్రణాళిక వేయడం సాధ్యం కాదు.

రకాల సంగతి కూడా అంతే ముఖ్యం. తేజ రకంలో కారం ఎక్కువ, 334 మధ్యస్థంగా ఉంటుంది, బ్యాడిగి రకానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. మీ ప్యాకెట్టులోని రుచి, రంగు ఈ రకాలను ఏ పాళ్లలో కలుపుతారన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. తేజను చైనా పెద్ద ఎత్తున కొంటుంది. మిరప నుంచి ఘాటును, రంగును సారంగా తీసే పరిశ్రమలు కూడా మిరపను విస్తారంగా వాడతాయి. అంటే మీ పోటీ పక్క వీధిలోని మరో కారం మిల్లుతోనే అనుకోవడానికి వీల్లేదు. విదేశీ ఆర్డర్లు ఎక్కువగా పడిన వారం తేజ ధర మీకు అందకుండా పోతుంది. అటువంటప్పుడు మిశ్రమంలో తేజ పాలును ఎంతవరకు తగ్గించవచ్చో ముందే పరీక్షించి, రాసి పెట్టుకోండి.

సరుకు కొనేచోట తేమ విషయంలో రాజీ పడవద్దు. బస్తా కోసి నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడించండి. బాగా ఎండిన కాయలో గింజలు గలగలలాడతాయి. తరువాత కాయను వంచండి. విరగకుండా తోలులా వంగితే తేమ ఉన్నట్టు. బస్తాలో తొక్కేటప్పుడు కాయ చితకకుండా ఉండటానికి నీళ్లు చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ తేమ వల్ల మీరు నీటికి మిరప ధర చెల్లిస్తారు, పైగా బస్తా మధ్యలో బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం తయారయ్యే అవకాశం ఉంటుంది. అందువల్ల పైపొర చూసి తృప్తి పడకుండా బస్తా మధ్య నుంచి కాయ తీయించండి. చేతి అంచనాతో ఆగిపోకుండా తేమ కొలిచే పరికరం వాడండి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం మిరపకాయల్లోనూ పొడిలోనూ తేమ 11 శాతం మించకూడదు. చివరి కోతల సరుకులో తెల్లబారిన తాలు కాయల పాలు ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ధరతో పాటు ఏ కోత సరుకో కూడా అడిగి కొనుగోలు పుస్తకంలో రాయించండి.

మూడో పని: ఇప్పుడే కొని దాచాలా, అవసరానికి కొనాలా అన్నది లెక్క వేసి తేల్చండి

ఈ వ్యాపారంలో అన్నింటికంటే పెద్ద నిర్ణయం ఇదే. ధర పెరుగుతుందన్న ఊహ మీద అప్పు చేసి సరుకు నింపేవారూ ఉన్నారు, డబ్బు ఇరుక్కుంటుందన్న భయంతో నెలనెలా కొని అక్టోబరులో దొరికినదానికి దొరికినంత ధర పెట్టేవారూ ఉన్నారు. రెండు వర్గాలవారూ సాధారణంగా వదిలేసేది ఒక్కటే: నిల్వ ఖర్చు లెక్క.

మార్చిలో క్వింటా 15,000 రూపాయలకు కొని అక్టోబరులో వాడదామని అనుకున్నారనుకుందాం. ఏడు నెలల నిల్వ. నెలకు నూటికి రూపాయి వడ్డీ చొప్పున 1,050 రూపాయలు అవుతుంది. కోల్డ్ స్టోరేజీ అద్దెను బస్తాల లెక్కన కడతారు. ఒక్కో టిక్కీలో, అంటే మిరప బస్తాలో, సుమారు 40 కిలోలకు పైగా సరుకు పడుతుంది కాబట్టి క్వింటాకు రెండు బస్తాల పైన లెక్కకట్టి, అద్దె 600 రూపాయలు అనుకోండి. బరువు తరుగు, హమాలీ, రవాణా, బీమా కలిపి 400 రూపాయలు. మొత్తం 2,050. అంటే అక్టోబరులో ధర 17,050 రూపాయల కంటే ఎక్కువగా ఉంటేనే దాచడం వల్ల మీకు లాభం. అంతకంటే తక్కువ ఉంటే మార్చిలో కొని దాచినందుకు మీరు నష్టపోయినట్టే. ఈ అంకెను బోర్డు మీద రాసుకుంటే, ధర పెరిగిందని సంతోషించే ముందు ఎంత పెరిగితే నిజంగా పెరిగినట్టో తెలుస్తుంది.

ధరను ఊహించడం ఎవరికీ చేతకాదు. ఇటీవలి చరిత్రే చూడండి. 2021 చివర్లో నల్ల తామర పురుగు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మిరప తోటలను దెబ్బతీసింది. 2022లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో దేశీ రకం మిర్చి క్వింటా 50 వేల రూపాయలు దాటింది. మూడేళ్లు తిరగకుండానే, 2025 తొలి నెలల్లో ధరలు పడిపోవడంతో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ మిర్చికి మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. ఇంత ఊపు ఉన్న వస్తువులో తయారీదారుడు ధర మీద పందెం కాయడం నా దృష్టిలో తప్పు. మీరు లాభం సంపాదించవలసింది కారం పట్టి అమ్మడంలో. ధర మీద సంపాదించడం స్టాకిస్టు పని, అతనికి నష్టాన్ని తట్టుకునే పెట్టుబడి వేరే ఉంటుంది.

కాబట్టి మధ్యేమార్గంగా ఇలా చేయవచ్చు. ఏడాది అవసరంలో, ముందే ధర ఒప్పుకుని అమ్మిన సరుకుకు, అంటే హోటళ్లకో పచ్చళ్ల కంపెనీలకో స్థిర ధరకు ఇస్తామని రాసిచ్చినంత సరుకుకు సరిపడా మిరపను సీజన్‌లోనే కొని దాచండి. మీ ప్యాకెట్టుకు గుర్తింపునిచ్చే ప్రత్యేక రకం ఉంటే దాన్ని కూడా దాచండి, ఎందుకంటే జూన్ తరువాత అది నాణ్యంగా దొరుకుతుందన్న భరోసా లేదు. మిగిలిన సరుకును రెండు మూడు విడతలుగా కొనండి. ధర ఎటు వెళ్లినా మొత్తం నష్టపోరు, మొత్తం లాభపడరు కూడా. గిడ్డంగిలో పెట్టిన సరుకును పది డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచుతున్నారా, బీమా ఎంత విలువకు ఉంది, బాండు, అంటే సరుకు దాచినట్టు గిడ్డంగి ఇచ్చే రసీదు, ఎవరి పేరున ఉంది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం కాగితం మీద తీసుకోండి. గిడ్డంగి కాలిపోతే, బీమా కాగితం లేనివారికి ఓదార్పు మాటలు తప్ప మరేమీ దక్కవు.

నాలుగో పని: మళ్లీ ఎప్పుడు ఆర్డరు పెట్టాలో అంకెగా రాసుకోండి

మిరపతో పోలిస్తే కవర్ల లెక్క తేలిక. రోజుకు 200 కిలోల కారం, అంటే 400 ప్యాకెట్లు తయారవుతున్నాయనుకుందాం. ఆర్డరు పెట్టిన నాటి నుంచి కవర్లు గోదాముకు చేరడానికి మామూలుగా 18 రోజులు పడుతుంది. పాత బిల్టీలు (లారీ రవాణా రసీదులు) తిరగేసి చూస్తే ఒకసారి 30 రోజులు పట్టినట్టు తేలింది. అప్పుడు మామూలు అవసరం 400 చొప్పున 18 రోజులకు 7,200, ఆలస్యానికి రక్షణగా మరో 12 రోజులకు 4,800, మొత్తం 12,000 కవర్లు. గోదాములో నిల్వ ఈ సంఖ్యకు దిగిన రోజే ఆర్డరు వెళ్లాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఏడాది పొడవునా ఒకే అంకెను వాడటం. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే ఏప్రిల్, మే నెలల్లో కారం అమ్మకం ఒక్కసారిగా లేస్తుంది. రోజుకు 700 ప్యాకెట్లు వెళ్లే రోజుల్లో, 30 రోజుల ఆలస్యాన్ని తట్టుకోవాలంటే 21,000 కవర్లు ఉండాలి. ఆ అంకె మార్చి మొదట్లోనే మారాలి, మామిడికాయలు బజారుకు వచ్చాక కాదు.

ఐదో పని: ఆర్డరును గిరాకీ అనుకోవద్దు

వీధి చివరి కొట్టులో వారానికి పది ప్యాకెట్లు అమ్ముడవుతాయి. ఒక వారం పన్నెండు అమ్ముడైతే కొట్టతను ముందుజాగ్రత్తగా ఇరవై అడుగుతాడు. అలాంటి కొట్లు నాలుగు కలిస్తే డిస్ట్రిబ్యూటరు నూట యాభై ప్యాకెట్లకు ఆర్డరు పెడతాడు. మీరు దాన్ని చూసి మిరప బస్తాలు అదనంగా కొంటారు. తరువాత మూడు వారాలు ఎవరూ ఏమీ అడగరు. వినియోగదారు వాడకంలో రెండు ప్యాకెట్ల మార్పు మీ దగ్గరికి వచ్చేసరికి ఇంత పెద్ద అలగా మారింది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థకు చెందిన జే ఫారెస్టర్ 1961 నాటికే ఈ సంగతిని విశ్లేషించాడు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థ పసిపిల్లల డైపర్ల విషయంలో ఇదే గమనించింది: పిల్లల వాడకం నిలకడగా ఉన్నా, ఫ్యాక్టరీకి చేరే ఆర్డర్లు విపరీతంగా ఊగాయి.

దీనికి మందు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కాదు. మీ డిస్ట్రిబ్యూటరు పరిధిలో నమ్మకమైన పది కొట్లను ఎంచుకుని, ప్రతి సోమవారం అరలో మిగిలిన ప్యాకెట్ల ఫోటోను వాట్సాప్‌లో తెప్పించుకోండి. పోయిన వారం మిగులుకు ఈ వారం వేసిన సరుకు కలిపి, ఇప్పటి మిగులు తీసివేస్తే నిజమైన అమ్మకం వస్తుంది. మీ ఉత్పత్తిని ఆ అంకెతో నడపండి. నెలాఖరుకు టార్గెట్ కోసం డిస్ట్రిబ్యూటరు నెత్తిన సరుకు రుద్దే పద్ధతిని, పది పెట్టెలు కొంటే ఒకటి ఉచితమనే పథకాలను తగ్గించండి. అవి అమ్మకాన్ని పెంచవు, వచ్చే నెల అమ్మకాన్ని ఈ నెలకు లాగుతాయి.

ఆరో పని: ప్రతి ముఖ్యమైన వస్తువుకూ రెండో దారి చూసి పెట్టుకోండి

2011 మార్చిలో జపాన్‌లో వచ్చిన భూకంపం తరువాత టయోటా తన సరఫరాదారులకు సరఫరా చేసేవారెవరో కూడా వెతికి జాబితా తయారు చేసుకుంది, చిప్‌ల వంటి కీలక భాగాలను సరఫరాదారుల దగ్గర నెలల తరబడి నిల్వ ఉంచే ఏర్పాటు చేసింది. నిల్వ తగ్గించడమే ధర్మమని లోకానికి నేర్పిన సంస్థ, ఎక్కడ నిల్వ అవసరమో గుర్తించి అక్కడ పెంచింది. కరోనా తరువాత చిప్‌ల కొరత వచ్చినప్పుడు మిగతా కార్ల కంపెనీలతో పోలిస్తే మొదట్లో అది తక్కువ ఇబ్బంది పడటానికి కారణం ఇదే.

మీ స్థాయిలో దీని అర్థం ఏమిటంటే, గుంటూరులో ఒకే కమీషన్ వ్యాపారి మీద ఆధారపడకుండా ఖమ్మం, వరంగల్ మార్కెట్లలో కూడా ఒకరిద్దరితో ఖాతా నడపడం. ఒకే తెగులు, ఒకే తుపాను ఈ ప్రాంతాలన్నింటినీ తాకవచ్చు గనుక, కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌తో కూడా పరిచయం ఉంచుకోవడం మంచిది. రెండో సరఫరాదారుకు కష్టకాలంలోనే ఫోను చేస్తే అతను మిమ్మల్ని పట్టించుకోడు. మామూలు రోజుల్లో కూడా అవసరంలో ఐదో వంతు అతని దగ్గర కొంటూ ఉంటేనే మీరు అతని ఖాతాదారు.

ఎగుమతి చేసేవారికి ఓడ కూడా ఒక మజిలీయే. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగి సూయజ్ కాలువను ఆరు రోజులు మూసేసింది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల అనేక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చి, ఐరోపా ప్రయాణం సుమారు రెండు వారాలు పెరిగింది. ఒప్పందంలో చేరవలసిన తేదీ రాసేటప్పుడు, ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతుందో కూడా రాయించుకోండి.

ఏడో పని: ఒక ప్యాకెట్టు నుంచి ఒక రైతు బస్తా దాకా దారి రాసి ఉంచండి

2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్‌లో సూడాన్-1 అనే నిషేధిత రంగు బయటపడింది. ఆ సాస్‌లో వాడిన, భారతదేశం నుంచి దిగుమతి అయిన కారం పొడిలో ఆ రంగు ఉంది. ఆ సాస్ వందల రకాల వంటకాల్లో, తయారు భోజనాల్లో కలిసిపోయి ఉండటంతో వాటన్నింటినీ అంగళ్ల నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఒక కొద్దిపాటి కల్తీ సరుకు ఎక్కడెక్కడికి చేరిందో వెతకడానికే అక్కడి అధికారులకు రోజులు పట్టింది.

ఐరోపా సమాఖ్యలో మిరపలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములు మించకూడదు, మన దేశంలో సుగంధ ద్రవ్యాలకు ఆ పరిమితి 30. ఇంత చిన్న పరిమాణాలను కంటితో పట్టుకోలేం కాబట్టి ల్యాబ్ పరీక్ష, దానితో పాటు బ్యాచ్ రిజిస్టరు తప్పనిసరి. రిజిస్టరులో ప్రతి బ్యాచ్‌కు ఏ తేదీన, ఏ కమీషన్ వ్యాపారి దగ్గర, ఏ లాట్ సరుకు వాడారో, తేమ ఎంత ఉందో, ఏ డిస్ట్రిబ్యూటర్లకు ఎన్ని పెట్టెలు వెళ్లాయో రాయండి. పాత బస్తా ముందు, కొత్త బస్తా తరువాత అన్న వరుసను హమాలీలకు వదలకుండా, బస్తాల వరుసల మీద తేదీ చీటీలు అంటించండి. ఆరు నెలలకొకసారి ఏదో ఒక ప్యాకెట్టు నంబరు తీసుకుని, దాని మిరప ఎక్కడిదో, అదే బ్యాచ్‌లోని మిగతా ప్యాకెట్లు ఎక్కడ ఉన్నాయో గంటలోపు చెప్పగలరేమో గుమాస్తాకు పరీక్ష పెట్టండి. చెప్పలేకపోతే రిజిస్టరులో ఏ గడి ఖాళీగా ఉందో అప్పుడే తెలుస్తుంది.

ఎనిమిదో పని: ఇరుక్కున్న డబ్బును రోజుల్లో కొలవండి

క్వింటా మిరపలో తొడిమలు, తాలు, తరుగు పోను 92 కిలోల పొడి వస్తుందనుకుంటే, 15,000 రూపాయల ధరకు కిలో పొడికి ముడిసరుకు ఖర్చు సుమారు 163 రూపాయలు. రోజుకు 200 కిలోలకు 32,600. సీజన్‌లో కొన్న సరుకు సగటున 150 రోజులు గిడ్డంగిలో, 15 రోజులు మీ గోదాములో, అమ్మాక 30 రోజులు డిస్ట్రిబ్యూటరు బాకీలో ఉంటే మొత్తం 195 రోజులు. అంటే ఎప్పుడు చూసినా దాదాపు 63 లక్షల 57 వేల రూపాయలు ఈ గొలుసులో చిక్కుకుని ఉంటాయి. డిస్ట్రిబ్యూటరు గడువును 30 నుంచి 20 రోజులకు తగ్గించగలిగితే, ఒక్క ప్యాకెట్టు అదనంగా అమ్మకుండానే 3 లక్షల 26 వేలు మీ చేతికి వస్తాయి. అందుకోసం కొద్దిపాటి నగదు తగ్గింపు ఇచ్చినా గిట్టుబాటు అవుతుందో లేదో, వడ్డీతో పోల్చి చూడండి.

పెద్ద కొనుగోలుదారులు బకాయి లాగుతుంటే చట్టం కొంత అండగా ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. పెద్ద ఖాతాదారు మీద ఫిర్యాదు చేయడం అందరికీ సాధ్యం కాదన్నది నిజమే. అయినా నమోదు సంఖ్యను ప్రతి బిల్లు మీద ముద్రించడానికి ఖర్చేమీ లేదు, కొనుగోలుదారు ఆడిటరు ఆ సంఖ్యను చూస్తాడు కాబట్టి చాలాసార్లు అదే పని చేస్తుంది.

ఈ పటాన్ని, అంకెలను ఏడాదికొకసారి, డిసెంబరులో తిరగరాయండి. గిడ్డంగిలో మిగిలిన బస్తాలు ఎన్ని, అందులో ఏ రకం ఎంత, పది కొట్ల నిజమైన అమ్మకం ప్రకారం వచ్చే ఏడాది అవసరం ఎంత, బ్యాంకు పరిమితిలో ఎంత మిగిలి ఉంది అన్నవి కొత్త సరుకు తొలి బస్తాలు యార్డులో దిగకముందే తేలాలి. కమీషన్ వ్యాపారి ఫోను చేసి, ఇవాళ ధర బాగుంది, ఎన్ని బస్తాలు కొనమంటారని అడిగినప్పుడు ఆ కాగితం మీ ముందు ఉండాలి.